నొక్కితే రాని స్వరం

సినిమాలో హీరో గిటార్ అందుకోగానే మీరు ఎక్కడ చూస్తారు? మొహమాటపడకుండా చెప్పండి! ముఖం చూస్తారు, క్రాపు చూస్తారు, అమ్మాయిలైతే ఇంకా ఏమేమి చూస్తారో నాకు తెలీదు. నేను మాత్రం ఆయనగారి ఎడమచేతి వేళ్ళు చూస్తాను. పాటలో స్వరం పైకి పోతుంటే హీరోగారి చెయ్యి కింది స్వరాల వైపుకు హాయిగా జారిపోతూ ఉంటుంది. "అదిగో తప్పు!" అంటాను. "టిక్కెట్టు డబ్బులిచ్చింది నేను. నోర్మూసుకుని చూడు" అంటాడు పక్కసీట్లోని స్నేహితుడు. ఇన్నేళ్ళొచ్చినా ఈ జబ్బు నన్ను వదల్లేదు.

ఈ జబ్బు ఉన్నవాడిగా మీకో సంగతి చెప్పాలి. హీరోయిన్ గుమ్మం దాటబోతూ వెనక్కి తిరిగి చూస్తుంది. రీరికార్డింగులో ఎక్కడో గుళ్ళో చిరుగంట మోగినట్టు సన్నగా "టింగ్" మంటుంది. గంట అనుకుంటాం, కీబోర్డు అనుకుంటాం. కొన్నిసార్లు అది అచ్చంగా గిటారే! తీగను నొక్కి వాయించింది కాదు, నొక్కకుండా కేవలం తాకి వాయించింది. దాన్ని హార్మోనిక్ అంటారు.

గంట మోగితే మోగుతుంది. దాని స్వరాన్ని పైకీ కిందికీ లాగలేం కదా! కానీ గిటార్ మీద మోగిన ఆ గంటను లాగవచ్చు, జార్చవచ్చు, వీణలో గమకం పలికినట్టు వంచవచ్చు. ఆ విద్య కోసం నేను దాదాపు ఏడాది తంటాలు పడ్డాను. నాకేదో విద్వత్తు ఉందని పొరబడకండి. మా నాన్న మళ్ళీ పాడాలి, అంతే నా గొడవ.

* * *

నాకు హార్మోనిక్ పరిచయమైంది ఏ సంగీత గురువు దగ్గరా కాదు, ఖమ్మంలో ఇంటర్మీడియట్ ఫిజిక్స్ లాబ్‌లో! సోనామీటర్ గుర్తుందా? పొడవాటి చెక్కపెట్టె, దాని మీద ఒక తీగ, చివర వేలాడే బరువులు. మా లెక్చరర్ గారు తీగ మీద అక్కడక్కడా చిన్న చిన్న కాగితం ముక్కల్ని మధ్యకు మడిచి గుర్రమెక్కించినట్టు కూచోబెట్టారు. పొడవులో మూడో వంతు దగ్గర వేలితో తాకి, చివర మీటారు. కాగితాలన్నీ ఎగిరి కిందపడ్డాయి. అవతల, మూడింట రెండు వంతుల దగ్గర కూచున్న కాగితం మాత్రం ఉలకలేదు, పలకలేదు!

"తీగంతా ఊగుతున్నా అక్కడ ఊగదు. అది అస్పందన స్థానం. ఈ పక్కా ఆ పక్కా బాగా ఊగే చోట్లు ప్రస్పందన స్థానాలు. రాసుకోండి" అన్నారాయన. అందరూ రాసుకున్నారు. నేను రాసుకోలేదు. ఎందుకంటే మా ఇంట్లో మంచం కింద సెకండ్ హ్యాండ్ గిటార్ ఒకటి ఉంది. అదీ సోనామీటరే కదా, బరువులకు బదులు మరలున్నాయి అంతే అన్న ఆలోచన తట్టి, గంట ఎప్పుడు కొడతారా అని కూచున్నాను.

ఆ సాయంత్రం చేసిన ప్రయోగం మీరూ చెయ్యవచ్చు. సాధారణంగా గిటార్ తీగ పొడవు, అంటే తలకట్టు దగ్గర తీగలు ఆనే నట్ నుంచి కింద బ్రిడ్జి దాకా, సుమారు 650 మిల్లీమీటర్లు ఉంటుంది. సరిగ్గా సగం 325 దగ్గర, 12వ మెట్టు మీద పడుతుంది. అక్కడ మెట్ల మధ్య కాదు, సరిగ్గా మెట్టు లోహం మీదుగా తీగను వేలికొసతో తాకండి. నొక్కకూడదు. ఈగ వాలినట్టు ఉండాలి. కుడిచేత్తో మీటి వెంటనే వేలు తీసెయ్యండి. తీగ రెండు సగాలుగా ఊగి, అసలు స్వరానికి పై స్థాయి షడ్జమంలా గంట మోగుతుంది. మూడో వంతు 7వ మెట్టు దగ్గర వస్తుంది. అక్కడ పై స్థాయి పంచమం. నాలుగో వంతు 5వ మెట్టు దగ్గర. అక్కడ రెండు స్థాయిల పైన షడ్జమం.

అయిదో వంతు దగ్గరే చిన్న తిరకాసుంది. అది 4వ మెట్టు మీద పడదు. నట్ నుంచి 130 మిల్లీమీటర్ల దగ్గర, మెట్టుకు సుమారు 4 మిల్లీమీటర్లు ఇవతలగా ఉంటుంది. మెట్టు మీద వెతికేవాడికి దొరకదు. పైగా అక్కడ పలికే గాంధారం గిటార్ మెట్లు చెప్పే గాంధారం కంటే కొద్దిగా తగ్గి ఉంటుంది. మెట్లు మనిషి చేసిన సర్దుబాటు, హార్మోనిక్ ప్రకృతి చేసిన భాగహారం. రెంటికీ ఆమాత్రం పేచీ ఉండకూడదా!

* * *

డిగ్రీ చదివేప్పుడు ఓ ఆర్కెస్ట్రాలో చేరాను. వినాయక చవితి పందిళ్ళు, పెళ్ళిళ్ళు, కాలేజీ వార్షికోత్సవాలు. ఖమ్మం, ఇల్లెందు, కొత్తగూడెం, పాల్వంచ ఎక్కడ పిలిస్తే అక్కడికి వ్యాన్‌లో సామాను మీద కూచుని పోయేవాళ్ళం. పాట మొదలయ్యే ముందు నేను మూడు హార్మోనిక్స్ వరసగా మోగిస్తే ముందు వరసలో ఈల పడేది. ఆ ఈల కోసం బతికిన రోజులవి.

2016లో పాల్వంచ దాటాక వర్షంలో నా మోటార్ సైకిల్ జారింది. ప్రాణానికేం కాలేదు. ఎడమచేతి ఉంగరపు వేలి నరం తెగింది. కుట్లు వేశారు, కట్టు కట్టారు, వేలు నిలబడింది గానీ బలం నిలబడలేదు. గిటార్ తీగను మెట్టు మీద నొక్కి పక్కకు లాగడానికి, అదే బెండింగ్ అంటారే దానికి, మోయాల్సిన బరువంతా ఆ వేలిదే. మధ్యవేలు, చూపుడువేలు వెనక నుంచి సాయం పడతాయి, అంతే. అది పోయాక గిటార్ సంచిలోకి పోయింది. నేను కలం పట్టుకుని షూటింగుల చుట్టూ, పత్రికల చుట్టూ తిరిగే ఫ్రీలాన్సర్నయ్యాను. గిటార్ గురించి ఎవరన్నా అడిగితే "టైమెక్కడుందండీ" అనేవాణ్ణి. అబద్ధం చెప్పడం కూడా ఒక వాద్యమే, సాధన చేస్తే వస్తుంది!

* * *

ఇక మా నాన్న సంగతి.

భద్రాచలం అంటే సినిమా ప్రేక్షకులకు గోదావరి మీద లాంచీ ప్రయాణం గుర్తొస్తుంది. బాపు గారి "అందాల రాముడు" (1973), శేఖర్ కమ్ముల "గోదావరి" (2006) రెండూ ఆ నీటి మీద నడిచినవే. మాది నీటి దారి కాదు, బస్సు దారి. ఖమ్మంలో ఎక్కితే కొత్తగూడెం, పాల్వంచ, సారపాక మీదుగా వంతెన దాటి భద్రాచలం. అక్కణ్ణుంచి దుమ్ముగూడెం వైపు పోయే రోడ్డు పక్కన మా ఊరు. ఇంటి ముందు కాస్త దూరంలో గోదావరి, ఇంటి వెనక కాస్త దూరంలో అడవి. వేసవిలో తునికాకు కట్టలు, ఇప్పపూల వాసన. రాత్రి కరెంటు పోయిందంటే కీచురాళ్ళు తప్ప మరో ఆర్కెస్ట్రా ఉండదు.

నాన్న తెలుగు పండితుడిగా రిటైరయ్యారు. శనివారం శనివారం మా వీధి రామాలయంలో భజన. రామదాసు కీర్తనలు ఆయన గొంతులో వింటూ పెరిగాను. నేలకొండపల్లిలో పుట్టి, తహసీల్దారుగా పనిచేసి, గుడి కట్టించి, గోల్కొండ చెరసాలలో మగ్గిన కంచర్ల గోపన్న మా నాన్నకు చరిత్ర పురుషుడు కాడు, పక్కింటి పెద్దమనిషి! నాగయ్య గారి "రామదాసు" (1964) గురించి మాట్లాడేటప్పుడు కూడా సినిమా గురించి మాట్లాడినట్టు ఉండదు, చుట్టాల కబురు చెప్పినట్టు ఉంటుంది.

2021లో ఆయనకు గొంతుకు ఆపరేషన్ జరిగింది. జబ్బు పోయింది. గొంతులో పస కూడా పోయింది. ఒకప్పుడు గుడి దాటి వీధి చివరిదాకా వినపడ్డ పాట గాలి కలిసిన గుసగుసగా మిగిలింది. అయినా హార్మోనియం పట్టుకుని శృతి మెల్లగా పెట్టుకుని పాడేవారు. వినాలనుకున్నవాళ్ళు దగ్గరికి జరిగి కూచునేవాళ్ళు.

2022 జూలైలో గోదావరి వచ్చింది. భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులు. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. ఎంత నీరో మీరే లెక్కేసుకోండి. 1986లో 75.6 అడుగుల వరద చూసినవాళ్ళు "ఇది దాని తర్వాతదిరా" అన్నారు. మేం మెరకన ఉన్న బంధువుల ఇంటికి పోయాం. తిరిగొచ్చేసరికి హార్మోనియం బురదలో తేలి గోడవారకు వచ్చి ఆగి ఉంది. తిత్తి అట్టలు ఊడిపోయాయి, రీడ్లు తుప్పు పట్టాయి. బాగుచేసేవాడు మూత తీసి చూసి మళ్ళీ మెల్లగా మూసేశాడు. ఆ వారంలోనే బొంబాయిలో భూపిందర్ సింగ్ పోయారు. "హరే రామ హరే కృష్ణ" (1971)లో కుర్రకారును ఊపేసిన ఆ గిటార్ ఆయనదే. ఆయన మీద ఒక వ్యాసం రాసిమ్మని ఫోనొస్తే, బురద కడుగుతూ "ఈసారికి కుదరదండీ" అన్నాను.

నాన్న భజనకు పోవడం మానేశారు. కొత్త హార్మోనియం కొందామంటే "ఎందుకురా డబ్బు దండగ? పాడేదెవరు?" అన్నారు. ఆ మాట నన్ను నాలుగు రోజులు నిద్రపోనివ్వలేదు.

* * *

అటక మీద ఉండబట్టి నా గిటార్ బతికింది. కొత్త తీగలు వేసి, ఓ సాయంత్రం అరుగు మీద కూచుని వాయించాను. నాన్న పాడబోయారు. నాలుగు తీగలు కలిపి మీటగానే ఆయన గొంతు అందులో మునిగిపోయింది. వరదలో హార్మోనియం మునిగినట్టే! ఆయన ఆపేసి నవ్వారు.

"నీ గిటార్‌కు గొంతెక్కువ, నాకు తక్కువ. కుదరదులే."

అప్పుడు ఎందుకో 12వ మెట్టు మీద వేలు ఆనించి హార్మోనిక్ మోగించాను. పక్కింటి కోయ కుర్రాడు అక్కడే ఉన్నాడు. "అన్నా, ఇదేంది, అడవిలో ఆవు మెడ గంటలా ఉంది!" అన్నాడు. నాన్న మాత్రం చెవి రిక్కించి విన్నారు. ఆ స్వరం సన్నగా, పైన ఎక్కడో ఉంది. ఆయన గొంతు కింద ఉంది. ఒకదాని దారికి ఒకటి అడ్డం రాలేదు. నాలుగు మాటలు పాడారు కూడా. ఆనందభైరవి. మధ్యమం నుంచి గాంధారానికి జారే చోటుకు వచ్చేసరికి ఆగిపోయారు.

"ఇక్కడ నాకు జారడం రావట్లేదురా. గొంతు మెట్టు దిగినట్టు దిగుతోంది. నీ గంట కూడా అట్లాగే ఉంది. మెట్టు మీద మెట్టు. జారుడేది?"

"నీ హార్మోనియం మాత్రం జారిందా నాన్నా? గమకం పలకదనే కదా ఆకాశవాణి వాళ్ళు దాన్ని 1940లో బయట పెట్టి 1971 దాకా రానివ్వలేదు!" అన్నాను ఉడుక్కుంటూ.

"హార్మోనియం శృతికి పెట్టుకున్నా. జారుడు నేను పాడా. ఇప్పుడు నేను పాడలేను కాబట్టి నువ్వు పలికించు. అట్లా ముందు నువ్వు దిగితే నీ వెనకాల నేను దిగుతా" అన్నారు.

అదీ లెక్క! గంటను జార్చాలి. పనికొచ్చే ఉంగరపు వేలు లేకుండా జార్చాలి.

* * *

ముందుగా ఒక మాట. హార్మోనిక్‌ను లాగడం అసాధ్యమేమీ కాదు. తీగ ఎంత బిగిస్తే స్వరం అంత పెరుగుతుంది. తాకిన వేలు తీసేశాక కూడా తీగ ఆ సగాలు సగాలుగానే ఊగుతూ ఉంటుంది. ఆ ఊగుతున్న తీగ బిగువు మారిస్తే గంట కూడా అదే నిష్పత్తిలో పైకి పోతుంది. అర స్వరం పెంచాలంటే బిగువు సుమారు 12 శాతం పెరగాలి. ఒక పూర్తి స్వరానికి 26 శాతం. ఇది వేళ్ళకు తెలిసే బరువే!

మొదటి పద్ధతి, ఎడమచేత్తో ఒక మెట్టు నొక్కి, అక్కణ్ణుంచి సరిగ్గా 12 మెట్లు కింద కుడి చూపుడువేలితో తాకి, అదే చేతి బొటనవేలితో మీటి, ఆ తర్వాత ఎడమచేత్తో తీగను పక్కకు లాగడం. ఇక్కడ కొత్తవాళ్ళు చేసే తప్పొకటుంది. ముందు లాగి తర్వాత తాకబోతారు. లాగిన తీగ పక్కకు జరిగి ఉంటుంది, వేలికి దొరకదు. ముందు మోగించాలి, తర్వాతే లాగాలి. ఎలెక్ట్రిక్ గిటార్ వాళ్ళు పిక్ తో పాటు బొటనవేలి కండను తీగకు తగిలించి కీచుమనే హార్మోనిక్ తీసి లాగేదీ ఇలాగే. నా వేలికి ఈ పద్ధతి చేతకాలేదు. మూడు రోజులు ప్రయత్నించి కట్టు కట్టుకున్నాను.

రెండోది, బ్రిడ్జి దగ్గర లివర్ ఉన్న ఎలెక్ట్రిక్ గిటార్. హార్మోనిక్ మోగించి లివర్ నొక్కితే దిగుతుంది, లేపితే ఎక్కుతుంది. ఇంగ్లండులో జెఫ్ బెక్ 1989లో ఒక పాట దాదాపు అంతా ఇలాగే హార్మోనిక్స్‌ను వంచి వాయించాడు. వింటే మనిషే పాడుతున్నాడనిపిస్తుంది. నా గిటార్‌కు లివర్ లేదు, కొనడానికి డబ్బూ లేదు.

మూడోది, గిటార్‌ను ఒళ్ళో పడుకోబెట్టి ఉక్కు కడ్డీతో వాయించే పద్ధతి. కడ్డీ నుంచి 12 మెట్ల దూరంలో కుడిచేత్తో తాకి మీటి, కడ్డీని జరిపితే గంట మొత్తం జారిపోతుంది. ఈ పడుకోబెట్టిన గిటార్‌ను మోహన వీణగా మార్చి 1994లో విశ్వమోహన్ భట్ గ్రామీ తెచ్చారు. అది వేరే విద్య, వేరే జన్మ.

ఆ రోజుల్లోనే మన పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్ గారి రికార్డింగులు మళ్ళీ మళ్ళీ విన్నాను. 1969లో పుట్టి, 1978లో గుడివాడలో తొలి కచేరీ చేసిన పిల్లవాడు! మాండలిన్‌కు ఎనిమిది తీగలు, జంటలు జంటలుగా. జంట తీగలను సమంగా లాగి గమకం పలికించడం ఎంత కష్టం! ఆయన అయిదు ఒంటి తీగల ఎలెక్ట్రిక్ మాండలిన్‌కు మారారు. "ఈ వాద్యం మన సంగీతానికి పనికిరాదు" అన్న మాటను వాదించి గెలవలేదు, వాయించి గెలిచారు. 2014లో 45 ఏళ్ళకే పోయారు. ఆయనతో కలిసి వాయించిన జాన్ మెక్‌లాఫ్లిన్ మన వీణ నేర్చుకుని, గిటార్ మెట్ల మధ్య చెక్కను వీణ మీద లాగా లోతుగా తవ్వించాడు, తీగ హాయిగా లాగడానికని. వాద్యం మన మాట వినకపోతే వాద్యాన్నే మార్చుకోవచ్చన్న ధైర్యం వాళ్ళ వల్ల వచ్చింది.

* * *

నాకు దొరికిన దారి నాలుగోది. గిటార్ తలకట్టు చూడండి. నట్‌కూ మరలకూ మధ్య తీగ కాస్త ఖాళీగా ఉంటుంది. అక్కడ ఎవరూ వాయించరు. అక్కడ తీగను కిందికి నొక్కితే నట్ అవతల ఉన్న అసలు తీగ బిగుస్తుంది, స్వరం పెరుగుతుంది. వదిలితే దిగుతుంది. దీనికి ఉంగరపు వేలు అక్కర్లేదు, చూపుడువేలూ బొటనవేలూ చాలు!

మరి హార్మోనిక్ ఎవరు మోగిస్తారు? కుడిచెయ్యి ఒక్కటే. చూపుడువేలి కొస 12వ మెట్టు మీద ఆనించి, అదే చేతి ఉంగరపు వేలితో మీటడం. మొదటి వారం పదిసార్లకు ఒక్కసారి మోగింది. నెల తిరిగేసరికి పదికి ఎనిమిది.

మిగతా చిక్కులు ఒక్కొక్కటిగా వచ్చాయి. మూడు మరలు ఈ వైపు, మూడు ఆ వైపు ఉండే గిటార్ తలకట్టులో మూడో తీగకూ నాలుగో తీగకూ నట్ వెనక పొడవు ఎక్కువ. నొక్కడం అక్కడే తేలిక. కాబట్టి మూడో తీగను ఎంచుకున్నాను. నైలాన్ తీగలకు ఈ కిటుకు సరిగా పనిచెయ్యదు, ఉక్కు తీగ కావాలి. తీగను కొద్దిగా వదులు చేస్తే అదే నొక్కుడుకు స్వరం ఎక్కువ పెరుగుతుంది. అందుకని వదులు చేసి నాన్న శృతిలోని గాంధారానికి కలిపాను. గట్టిగా నొక్కితే మధ్యమం. మిగిలిన తీగల్ని సా, పా లకు కలిపేసరికి గిటార్ సగం తంబురా అయింది.

తంబురా అంటే గుర్తొచ్చింది. విశాఖపట్నంలో స్కూలు చదువు చదివిన సి.వి. రామన్ 1921లో మన వీణ మీదా తంబురా మీదా ఒక పరిశోధన రాశారు. వాటి బ్రిడ్జి వంపుగా ఉండడం వల్ల, మామూలు తీగలో పలకకుండా పోవలసిన అనుస్వరాలు కూడా వాటిలో పలుకుతాయని గమనించారు. ఈ సంగతి చెబితే నాన్న "మరి! ఊరికే పెట్టారా ఆ వంపు?" అన్నారు, తనే పెట్టినంత ధీమాగా!

అన్నిటికన్నా పెద్ద చిక్కు తిరిగి దిగడం. నాకు కావలసింది ఎక్కడం కాదు, మధ్యమం నుంచి గాంధారానికి జారడం. అంటే ముందే వెనక నొక్కి పట్టుకుని, అప్పుడు హార్మోనిక్ మోగించి, మెల్లగా వదలాలి. వదులుతుంటే తీగ నట్ గాడిలో పట్టేసి, "టిక్" మని ఒక్కసారిగా దూకేది. జారుడు కాదు, జారిపడుడు! పైగా సగంలో ఆగి గాంధారం ఎప్పుడూ కాస్త ఎక్కువగా ఉండిపోయేది. దీనికి మందు మీ పెన్సిల్ డబ్బాలోనే ఉంది. తీగ పక్కకు తీసి, గాడిలో పెన్సిల్ ముల్లు బాగా రుద్దండి. నల్లటి పొడి నూనెలా పనిచేస్తుంది. ఆ రోజు సాయంత్రం తొలిసారి మధ్యమం కరిగి గాంధారంలోకి దిగింది. చూపుడువేలికి తీగ కోసుకుపోయి రక్తం కారుతున్న సంగతి తర్వాత గమనించాను.

* * *

2023 శ్రీరామనవమికి ముందు శనివారం. పదిమంది కూడా లేరు గుళ్ళో. మద్దెల వాయించే పెద్దాయన, నలుగురు ఆడవాళ్ళు, ఆ కోయ కుర్రాడు. మైకు వద్దన్నాను. నాన్న గోడకు ఆనుకుని కూచున్నారు. గుడిలోకి గిటార్ తెచ్చినందుకు ఒకాయన ముఖం చిట్లించాడు. నేనేమీ అనలేదు.

తీగలు సా, పా మోగుతున్నాయి. నాన్న మొదలుపెట్టారు. గుసగుసే. కానీ ఆ నిశ్శబ్దంలో గుసగుసైనా చాలు. ఆ చోటు వచ్చింది. వెనక నొక్కాను, మోగించాను, వదిలాను.

"టిక్!"

గుండె జారింది గానీ స్వరం జారలేదు. అంతా నా వైపు చూశారు. నాన్న కళ్ళు తెరవలేదు. అదే పాదం మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నారు, అది పాటలోని ఆవృత్తమే అన్నట్టు! మళ్ళీ ఆ చోటు. ఈసారి ఊపిరి బిగపట్టి వదిలాను. గంట పై నుంచి మెల్లగా దిగింది. దాని వెనకాలే, చెయ్యి పట్టుకుని మెట్లు దిగే ముసలాయనలా, నాన్న గొంతు దిగింది. మూడోసారి నాకంటే ఆయనే ముందు దిగారు. మద్దెల పెద్దాయన తల ఊపాడు.

భజన అయ్యాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు. గుళ్ళో కొట్టరు కదా! ప్రసాదం పంచారు. ముఖం చిట్లించినాయన నా దగ్గరకొచ్చి "ఆ తల దగ్గర ఏం నొక్కుతున్నావ్ బాబూ?" అని అడిగాడు. చూపించాను. తనూ నొక్కి చూసి "అబ్బ, కోసుకుంటుందే!" అన్నాడు.

ఇంటికొచ్చే దారిలో నాన్న ఏమంటారా అని ఎదురుచూశాను. సినిమాల్లో అయితే ఈపాటికి భుజం తట్టి రెండు డైలాగులు చెప్పి ఉండేవారు. ఆయన అన్నది ఒకటే మాట.

"రెండో సారి గాంధారం ఒక్క పిసరు ఎక్కువుంది. పెన్సిల్ రుద్దావా?"

రుద్దడం మరిచిపోయాను, నిజమే!

ఇప్పటికీ నెలకు రెండు శనివారాలు ఊరెళ్తాను. నాన్న గొంతు బాగుపడలేదు, బాగుపడదని డాక్టర్లు ముందే చెప్పారు. ఒక్కో వారం పాడతారు, ఒక్కో వారం తాళం వేసి ఊరుకుంటారు. ఊరుకున్న వారం ఆ జారుడు నేనొక్కణ్ణే వాయిస్తాను. అప్పుడు ఆయన పెదాలు మాత్రం కదులుతాయి.

మీ ఇంట్లోనూ ఏ మూలో గిటార్ ఉండే ఉంటుంది. రేపు పొద్దున తీసి దుమ్ము దులపండి. 12వ మెట్టు, ఈగ వాలినట్టు వేలు. మోగిందా? ఇప్పుడు తలకట్టు వైపు నొక్కండి. అది కదిలినప్పుడు మీ ఇంట్లో ఎవరు తలెత్తి చూశారో గమనించండి. అన్నట్టు, పెన్సిల్ మరిచిపోకండేం!